కామిక్ కాన్ వేషానికి కృష్ణానగర్ అద్దె దుకాణం ఎంతవరకు పనికొస్తుంది?

హైదరాబాద్‌లో కాస్‌ప్లే, అంటే కామిక్స్, సినిమా పాత్రల వేషాలు, వేసేవారికి దుస్తులు సమకూర్చుకునే దారులు మూడు ఉన్నాయి. తయారుగా ఉన్నదాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, ఇంట్లో కూర్చొని స్వయంగా కుట్టుకొని అతికించుకోవచ్చు, లేదా సినిమావాళ్ళకు దుస్తులు అద్దెకిచ్చే కృష్ణానగర్ దుకాణాలకు వెళ్ళవచ్చు. మొదటి రెండు దారుల మంచిచెడ్డలు అభిమానులు కలిసిన ప్రతిచోటా చర్చకు వస్తూనే ఉంటాయి గాని, మూడవదాని గురించి మాత్రం "అక్కడ దొరకనిది లేదట" అన్న వినికిడి తప్ప వివరం చెప్పేవారు అరుదు. హైటెక్స్ ఎగ్జిబిషన్ హాళ్ళలో జరిగే అభిమానుల సంబరం కామిక్ కాన్ కోసం అలాంటి ఒక దుకాణం నుంచి ఒక వేషం అద్దెకు తీసుకొని, మరొకటి కొలతలిచ్చి కుట్టించుకున్నాను కాబట్టి, ఆ అనుభవాన్ని ఆధారం చేసుకొని ఈ సమీక్ష రాస్తున్నాను.

దుకాణం పేరు రాయడం లేదు. "పేరు వేయకండి బాబూ, పిల్లలంతా ఒక్కసారిగా వచ్చి పడితే షూటింగు పని ఆగిపోతుంది" అని యజమాని ప్రత్యేకంగా కోరారు. దానివల్ల చదివేవారికి పెద్ద నష్టమేమీ లేదు. ఆ చుట్టుపక్కల ఇదే తరహా దుకాణాలు మరికొన్ని ఉన్నాయి, ఇక్కడ చెప్పబోయే గుణాలూ దోషాలూ చాలావరకు ఆ వ్యాపారంలోనే ఉన్నవి.

తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన కాలంలో, అన్నపూర్ణ స్టూడియోకూ ఆ తరువాత వెలసిన మిగతా స్టూడియోలకూ చేరువగా ఉండటంవల్ల జూనియర్ ఆర్టిస్టులు, మేకప్‌వాళ్ళు, కాస్ట్యూమర్లు, లైట్‌బాయ్‌లు కృష్ణానగర్ ఇరుకు సందుల్లో స్థిరపడ్డారు. వారిని అంటిపెట్టుకొని ఈ అద్దె దుకాణాలు పుట్టాయి. పోలీసు యూనిఫారాలు, లాయరు కోట్లు, పెళ్ళికొడుకు షేర్వాణీలు, యమధర్మరాజు కిరీటాలు ఒకే గదిలో ఒకే కొయ్యకు వేలాడుతుంటాయి. సినిమా పని లేని రోజుల్లో బడి పిల్లల వేషాల పోటీలే వీటికి ఆధారం. హైదరాబాద్‌లో కామిక్ కాన్ 2013లో మొదలైనా, అభిమానులు ఈ గడప తొక్కడం ఇటీవలి సంగతేనని, అది కూడా క్రంచీరోల్ అనే ఓటీటీ యానిమేను, అంటే జపాను యానిమేషన్‌ను, తెలుగు డబ్బింగుతో అందించడం మొదలుపెట్టిన తరువాతే తాను గమనించానని యజమాని అన్నారు. ఆయన లెక్కలో అవన్నీ "జపాను వేషాలు".

లోపలికి అడుగుపెట్టగానే ఆయన వేసే మొదటి ప్రశ్న, "ఎన్ని సీన్లు?" అని. ఆ ఒక్క ప్రశ్నలోనే ఈ దుకాణపు బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి. సినిమా దుస్తుల ఆయుష్షు షాట్లలో కొలుస్తారు. నటుడు కెమెరా ముందు నిలబడేది కొద్ది నిమిషాలు. మిగతా సమయమంతా గొడుగు కింద కుర్చీలో ఉంటాడు, పిన్ను ఊడితే పెట్టడానికి ఒక మనిషి పక్కనే ఉంటాడు, ఎటువైపు కనబడాలో కెమెరామన్ నిర్ణయిస్తాడు. కామిక్ కాన్ లాంటి కన్వెన్షన్‌లో ఈ సదుపాయాలేవీ లేవు. ఉదయం తొడుక్కున్న వేషంతో మెట్రో ఎక్కాలి, ప్రవేశద్వారం వద్ద వరుసలో నిలబడాలి, హాలంతా తిరగాలి, తినాలి, మూత్రశాలకు వెళ్ళాలి, ఇంతలో ముందునుంచీ వెనకనుంచీ అడిగినవారికల్లా ఫోటో ఇవ్వాలి. రెండు గజాల దూరంలో నిలబడి కుట్టు కుట్టునూ పరిశీలించే ప్రేక్షకులు సినిమాకు ఉండరు.

అద్దె వేషంగా ఘటోత్కచుణ్ణి ఎంచుకున్నాను. మొదట చూపించినది సినిమా సరుకు. దూరానికి దేదీప్యమానంగా ఉంది. చేతిలోకి తీసుకుంటే గుట్టు బయటపడింది. కిరీటానికి ముందువైపు మూడు వరుసల రాళ్ళు పొదిగి, వెనకవైపు రంగు కూడా సరిగా పూయకుండా వదిలేశారు. అది ఫైబరుతో పోతపోసినది కావడంవల్ల బరువు మొత్తం నుదుటిమీదే పడుతుంది. కవచం వెనక భాగం ఎవరి ఒంటికైనా సరిపోయేలా వెల్క్రో పట్టీలతో వదులుగా ఉంది; పదిమంది తొడిగి విప్పిన వెల్క్రో కాబట్టి చేతులు పైకెత్తగానే చర్రుమని ఊడివచ్చింది. లోపల అస్తరు లేదు. శాటిన్ నేరుగా చర్మానికి తగిలి చెమట పట్టిన అయిదు నిమిషాల్లోనే అంటుకుపోతుంది. ఈ లోపాల్లో ఒక్కటీ తెరమీద కనిపించదు కాబట్టి వాటిని సరిచేయవలసిన అవసరం ఆ దుకాణానికి ఏనాడూ రాలేదు.

ఇంతవరకే అయితే ఈ దుకాణానికి వెళ్ళవద్దని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. అయితే, రోజంతా వేసుకొని తిరగాలని నేను చెప్పినప్పుడు యజమాని ఒక్క క్షణం ఆలోచించి, "అట్లాగైతే నాటకాల సరుకు చూడండి" అంటూ కుర్రాణ్ణి అటకమీదికి ఎక్కించారు. ఆయన తండ్రి గుంటూరు జిల్లాలో పద్యనాటకాల సమాజాలకు తెరలూ దుస్తులూ అద్దెకిచ్చేవారట. ఆ వ్యాపారం మూతబడ్డాక మిగిలిన ట్రంకు పెట్టెలు కొన్ని ఇక్కడికి చేరాయి. పెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన గది నిండింది. చమ్కీ మసకబారిపోయింది, జరీ అక్కడక్కడా నల్లబడింది. అయినా కన్వెన్షన్‌కు పనికొచ్చే నిజమైన సరుకు అదే.

రాత్రి భోజనాల తరువాత మొదలై తెల్లవారేదాకా సాగే నాటకంలో నటుడు అదే వేషంతో గంటల తరబడి నిలబడి, గొంతెత్తి పద్యాలు పాడి, పెట్రోమాక్సు లైట్ల వేడిలో చెమటలు కక్కేవాడు. ఆ అవసరాన్నిబట్టే ఈ దుస్తులు తయారయ్యాయి. మఖమలు అంగీ లోపల కోరాగుడ్డ అస్తరు ఉంది. చంకల కింద గాలి ఆడటానికి కుట్టకుండా వదిలిన చీలిక ఉంది. కట్టుకోవడానికి వెల్క్రో బదులు నాడాలు ఉన్నాయి, అవి కూడా ఒకటి తెగినా రెండవది నిలిచేలా జంటలుగా ఉన్నాయి. కిరీటం అట్టమీద గుడ్డ అతికించి, పైన రేకు తాపడం చేసినది. సినిమా కిరీటంలో సగం బరువు కూడా ఉండదు. దాని లోపలి అంచున వేలెడు మందాన గుడ్డ చుట్ట కుట్టి ఉంది. అది చెమటను పీల్చుకుంటూనే కిరీటాన్ని తలమీద కదలకుండా పట్టి ఉంచుతుంది. భుజకీర్తులు వీపు వెనక ఒకదానితో ఒకటి కొక్కెంతో కలిసి ఉండటంవల్ల చేతులు ఎటు తిప్పినా జారవు. కిరీటం లోపలి చుట్టను వేలితో నొక్కి చూపిస్తూ యజమాని చెప్పిన మాట ఇది: "రాగం అందుకున్నాక కిరీటం జారిందంటే వన్స్‌మోరు పోయినట్టే బాబూ."

పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ వేషంతో హైటెక్స్ హాళ్ళలో తిరిగినా తలనొప్పి రాలేదు, ఒక్క నాడా వదులు కాలేదు. వెనకనుంచి తీసిన ఫోటోల్లో కూడా వేషం పూర్తిగా కనిపించింది, ఎందుకంటే మూడువైపులా ప్రేక్షకులు కూర్చునే పందిట్లో ఆడే నాటకానికి వెనకవైపు అనేది ఉండదు. గదను మాత్రం ఇంట్లోనే తయారుచేసుకోమని సలహా ఇస్తాను. దుకాణంలోది కొయ్యమీద రేకు తొడిగినది కాబట్టి తనిఖీ దగ్గర ఆపేస్తారు. ఈ వేషానికి నగలతో కలిపి రోజుకు 1,200 రూపాయల అద్దె, 3,000 రూపాయల అడ్వాన్సు తీసుకున్నారు. శుక్రవారం రాత్రి తీసుకొని సోమవారం ఉదయం తిరిగి ఇస్తే రెండు రోజులకే లెక్క కడతారు. ఇది సినిమా కాల్‌షీట్ల నుంచి వచ్చిన అలవాటు, మనకు లాభం.

రెండవది కుట్టించిన వేషం: జపాను అంగీ కిమోనో, దానిమీద నడుం నుంచి కిందికి కట్టే కుచ్చిళ్ళ హకామా, పైన నమూనా అచ్చు ఉన్న హావొరి అనే పైకోటు ధరించే ఒక ఖడ్గవీరుడు. ముందు, వెనక, పక్క కోణాల్లో బొమ్మలు ముద్రించి తీసుకెళ్ళాను. దుకాణంలోని టైలరు మాస్టారు చేతిపని గొప్పది. ఇందులో సందేహం లేదు. కొలతలు తీసుకునేటప్పుడు నిలబడినప్పటివి మాత్రమే కాకుండా, కూర్చోబెట్టి, చేతులు చాపించి కూడా తీసుకున్నారు. చిక్కంతా ఆయనకు జపాను దుస్తుల పద్ధతి తెలియకపోవడంలో ఉంది. హకామాకు సంప్రదాయం ప్రకారం ముందు అయిదు, వెనక రెండు కుచ్చిళ్ళు ఉంటాయి. ఆయన పరికిణీకి పెట్టినట్టు చుట్టూ సమానంగా కుచ్చిళ్ళు పెట్టుకుంటూ పోయారు. కిమోనోలో కుడి అంచు మీదికి ఎడమ అంచు రావాలి, దీనికి వ్యతిరేకంగా తొడిగేది శవానికి మాత్రమే. ఆయన కొక్కేలు సరిగ్గా ఆ తిరుగుడు పద్ధతిలోనే వేశారు. సంగతి వివరించగానే నాలుక కరుచుకొని అక్కడికక్కడే విప్పి మళ్ళీ కుట్టారు, అదనంగా పైసా అడగలేదు. కాబట్టి కుట్టించుకునేవారు మొదటి ట్రయలుకు తప్పకుండా వెళ్ళాలి, వెళ్ళేటప్పుడు బొమ్మలతోపాటు ఇలాంటి నియమాలను తెలుగులో ఒక కాగితంమీద రాసి ఇవ్వాలి. మాస్టారు ఆ కాగితాన్ని గుడ్డకు పిన్ను గుచ్చి పెట్టుకుంటారు.

గుడ్డ ఎంపికలో దుకాణం మాట వినవద్దు. ఏది అడిగినా శాటిన్ చూపిస్తారు, ఎందుకంటే లైట్ల కింద అది మెరుస్తుంది. హాలులో ఫోన్ ఫ్లాష్ పడినప్పుడు అదే మెరుపు బొమ్మలోని పాత్రకు ఏమాత్రం పొసగని పెళ్ళికళ తెచ్చిపెడుతుంది. సికింద్రాబాద్ జనరల్ బజారులో మందపాటి కాటన్ తీసుకెళ్ళి ఇస్తే కుట్టుకూలి మాత్రమే తీసుకుంటారు; నేను అలాగే చేశాను.

ఈ దుకాణంలో మరెక్కడా దొరకని విద్య ఒకటి ఉంది, అది కొత్త బట్టను పాతదిగా మార్చడం. దాని పేరు అక్కడ "ఏజింగ్". నా కళ్ళముందే మాస్టారి దగ్గర పనిచేసే కుర్రాడు హావొరి అంచులను గరుకు కాగితంతో రుద్ది పోగులు లేపాడు, చిక్కటి టీ డికాక్షన్‌లో గుడ్డపీలిక ముంచి కుచ్చిళ్ళ మడతల్లో అద్దాడు, ఆరిన తరువాత మోకాళ్ళ దగ్గరా అడుగు అంచునా నల్లరంగు పొడిని పలచగా విదిలించాడు. ఎక్కడ మురికి పట్టాలో, ఎక్కడ పట్టకూడదో అతనికి బాగా తెలుసు. మనిషి చేతులు తుడుచుకునేది తొడల పక్కన కాబట్టి అక్కడ ఒక చెయ్యి ఎక్కువ వేశాడు. ఆ పని పూర్తయ్యేసరికి నిన్న కుట్టిన బట్ట ఏళ్ళ తరబడి యుద్ధాలు చూసినట్టు కనిపించింది. దీనికి 400 రూపాయలు. ఆన్‌లైన్‌లో వేలు పోసి తెప్పించిన దుస్తులు కూడా పెట్టెలోంచి తీసిన మడతలతో, మెరుస్తున్న పాలిస్టరుతో వస్తుంటాయి. అలాంటివి ఉన్నవారు ఈ ఒక్క పని కోసమైనా కృష్ణానగర్ వెళ్ళడం మంచిది. బయట కుట్టించిన బట్టకు కూడా చేసిపెడతారు.

కవచాల విషయంలో మాత్రం దుకాణానికి నా సిఫారసు లేదు. అక్కడున్నవి ఫైబరువి, లేదా రెగ్జిన్‌మీద వెండిరంగు వేసినవి. ఆధునిక పాత్రల కవచాలకు కాస్‌ప్లే చేసేవారు వాడేది ఈవీఏ ఫోమ్. వ్యాయామశాలల్లో నేలమీద పరిచే మ్యాట్లు కూడా అదే పదార్థం. రాణీగంజ్ చుట్టుపక్కల రబ్బరు సామాను దుకాణాల్లో వేర్వేరు మందాల్లో షీట్లు వెతుక్కోవచ్చు. పదునైన కట్టరుతో అంచులను ఏటవాలుగా కోసి, హీట్‌గన్‌తో వేడిచేస్తే పైపొర మూసుకుపోయి నునుపు తేలుతుంది, వేడిమీద ఉండగానే వంచితే ఆ వంపు అలాగే నిలబడుతుంది. వడ్రంగులు వాడే ఫెవికాల్ ఎస్సార్ 998 లాంటి జిగురును రెండు అంచులకూ రాసి, తడి ఆరి జిగట పట్టేదాకా ఆగి అదిమితే ఇక ఊడదు; ఆ వాసన తలకెక్కుతుంది కాబట్టి డాబామీద చేసుకోవడం ఉత్తమం. ఈ ఫోమ్ ముక్కను యజమానికి చూపిస్తే నొక్కి చూసి, "చెప్పుల సోలు కదా ఇది" అన్నారు. మాట నిజమే, చెప్పుల సోళ్ళకూ ఈవీఏనే వాడతారు. కాని దానితో పనిచేయడం ఆయనకు ఆసక్తి లేదు, నేర్చుకుంటారని ఎదురుచూడటమూ అనవసరం.

విగ్గుల సంగతీ దాదాపు ఇంతే. అసలు వెంట్రుకలతో సన్నని వలమీద ఒక్కొక్కటిగా ముడివేసిన సినిమా విగ్గులు, మీసాలు, గడ్డాలు చాలా నాణ్యమైనవి. స్పిరిట్ గమ్‌తో అంటించి చూపిస్తే దగ్గరనుంచి చూసినా పోల్చుకోలేం. ఘటోత్కచుడి మీసం అలా తీసుకున్నదే. అయితే రంగురంగుల, ముళ్ళలా నిలబడే యానిమే జుట్టు వారి దగ్గర లేదు. నల్ల విగ్గుకు రంగు వేసిస్తామంటారు, ఒప్పుకోవద్దు. వేడిని తట్టుకునే సింథటిక్ విగ్గును ఆన్‌లైన్‌లో తెప్పించుకొని ఇంట్లో మలచుకోవడమే మేలు.

కత్తుల గురించి ఒక హెచ్చరిక చేయాలి. దుకాణంలో వరుసగా తగిలించిన అల్యూమినియం కత్తులు చూడముచ్చటగా ఉంటాయి, మనసు పారేసుకోవద్దు. పదును లేకపోయినా లోహపు ఆయుధాన్ని కన్వెన్షన్ ద్వారం దగ్గర అనుమతించరు, అంతకంటే ముందే మెట్రో స్టేషనులో ఎక్స్‌రే యంత్రం దగ్గర సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఫోమ్‌తో చేసిన కత్తిని కూడా విడదీసి సంచిలో పెట్టుకొని వెళ్ళడమే సుఖం. యూసఫ్‌గూడ స్టేషనులో ఎక్కితే మారవలసిన పని లేకుండా అదే బ్లూలైను హైటెక్ సిటీకి చేరుస్తుంది. అక్కడినుంచి హైటెక్స్‌కు ఆటో. దుకాణానికి కూడా అదే స్టేషను దగ్గర కావడం ఆదివారం రాత్రి అలసిపోయి తిరిగివచ్చేవారికి చిన్న వరం.

ఇక ఫిర్యాదులు. ఇస్తానన్న రోజుకు బట్ట ఇవ్వలేదు. ఏదో సినిమా కంపెనీకి అర్జంటుగా నలభై యూనిఫారాలు కావలసి వచ్చి నా హకామా పక్కకు పోయింది, ఆ సంగతి నేను వెళ్ళేదాకా ఫోను చేసి చెప్పినవారు లేరు. కన్వెన్షన్‌కు ముందురోజు రాత్రి దుకాణం మూసేవేళ చేతికి అందింది. రెండవది, అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు ఉతుకుడు ఖర్చు పేరుతో 350 రూపాయలు కోసుకున్నారు. ఖర్చు న్యాయమైనదే, మఖమలును డ్రైక్లీనింగ్‌కు వేయక తప్పదు. కాని ఆ మాట అద్దె మాట్లాడుకునేటప్పుడు రావాలి, అడ్వాన్సు లెక్కపెట్టేటప్పుడు కాదు. రసీదు అడిగితే చిత్తుకాగితంమీద అంకెలు వేసి ఇచ్చారు. తీసుకునే ముందే పాత మరకలు, ఊడిన రాళ్ళు అన్నీ వారి ఎదుటే ఫోన్లో ఫోటోలు తీసుకోండి. వారు ఏమీ అనుకోరు, సినిమా కాస్ట్యూమర్లు చేసే పని కూడా అదే.

వారి మర్యాదకు మాత్రం వంక పెట్టలేను. వేషం కట్టుకొని అద్దం ముందు నిలబడిన పెద్దవాణ్ణి చూసి నవ్వడం, "ఈ వయసులో ఇదేం సరదా" అనడం మన బంధువుల ఇళ్ళలో మామూలు. ఈ దుకాణంలో అలాంటి చూపు ఒక్కటి కూడా ఎదురుకాలేదు. వేషం కట్టడం వారికి అన్నంపెట్టే వృత్తి కాబట్టి, ఎవరు కట్టినా సరిగా కట్టాలన్నదే వారి పట్టింపు. నేను బయలుదేరబోతుంటే మాస్టారు వెనక్కి పిలిచి, నడుం పట్టీ రెండు అంగుళాలు పైకి లాగి, "ఇప్పుడు సరిపోయింది, వెళ్ళిరండి" అన్నారు.

వెళ్ళదలచినవారు తేదీల విషయంలో జాగ్రత్తపడాలి. నవంబరు 14న బాలల దినోత్సవానికి బళ్ళలో వేషాలు కడతారు, ఆ తరువాత వార్షికోత్సవాల కాలం మొదలవుతుంది. ఆ రోజుల్లో కిరీటాలూ నగలూ చిన్న సైజులవే కాక పెద్దవి కూడా దొరకవు. కామిక్ కాన్ ఆ చుట్టుపక్కల వారాల్లో పడిన ఏడాది దసరా లోపలే అడ్వాన్సు ఇచ్చి, నాటకాల పెట్టెలోని సరుకే కావాలని నొక్కి చెప్పి పుస్తకంలో రాయించుకోండి. అడగనిదే ఆ పెట్టె అటకమీదినుంచి దించరు. కుట్టించుకునేవారు ఇంకొక నెల ముందుగా వెళ్ళి, తమకు కావలసిన తేదీకంటే పదిరోజులు ముందటి తేదీ చెప్పడం మంచిది.